ఖాళీ బండ

పందొమ్మిది వందల అరవై మూడు, పుష్య మాసం. భీమిలికి ఉత్తరాన రాళ్ళ ఒడ్డు మీద కూర్చుని ఎర్రయ్య గురువు పిట్టలను చూస్తున్నాడు. చలికాలమంతా పొద్దున్నే ఆయనకు అదే పని. శిష్యుడు కోదండం పక్కన చేరి, “అయ్యా, నోట అబద్ధం రాకుండా చూసుకుంటే చాలదా?” అని అడిగాడు.

గురువు పిట్టల మీద నుంచి చూపు తిప్పకుండానే, నిరుడు ఇదే ఒడ్డున జరిగింది చెప్పాడు.

ఇక్కడి పల్లెలో తెప్ప దించాలంటే ముందు ఉల్లంకి పిట్టలను చూస్తారు. అవి అలల అంచున తిరుగుతుంటే సముద్రం మంచిదని లెక్క. పెద్దబండ మీదికి చేరి, ముక్కులు రెక్కల్లో పెట్టుకుని ముడుచుకుంటే ఎవరూ వెళ్ళరు. సెలవిచ్చేది కులపెద్ద దానయ్య. ఆయనకు కళ్ళు మసక. అందుకని రోజుకొకరు వెళ్ళి చూసి వచ్చి చెబుతారు.

ఆ ఏడు పిట్టలు నాలుగు రోజులు బండ దిగలేదు. ఇళ్ళలో గంజి కూడా అయిపోయింది. అయిదో రోజు చూసి రావలసిన వంతు దానయ్య మేనల్లుడు పోలయ్యది. బయలుదేరుతుంటే పెళ్ళాం నూకాలు నలుగురూ వినేటట్టు అంది: “పిట్టలు సెలవిస్తే గానీ మా ఆయన గుమ్మం దాటడర్రా!”

పోలయ్య వెళ్ళేసరికి పిట్టలు బండ మీదే ఉన్నాయి. నాలుగు రాళ్ళు ఏరి విసిరాడు. అవి లేచి నీళ్ళ మీదుగా పోయాయి. తిరిగి వచ్చాడు.

“మావా, బండ మీద ఒక్క పిట్ట నేదు.”

“సరిగ్గా సూసినావేట్రా?”

“నీ మీదొట్టు. కాలీ బండ.”

“అయితే దింపండ్రా.”

దానయ్య కొడుకులు ముగ్గురూ పోలయ్యతో కలిసి తెప్ప ఎక్కారు. ఎండ ముదరకముందే సముద్రం లేచింది. పిట్టలు అప్పటికే బండ మీదికి తిరిగి వచ్చేశాయి. రాళ్ళ సంగతి కర్మనాడు పోలయ్యే ఒప్పుకున్నాడు.

కోదండం, “కానీ అయ్యా, అతను చెప్పిన మాటలో అబద్ధం లేదు కదా?” అన్నాడు.

“లేదు. దానయ్య కూడా ఆ మాటలో అబద్ధం వెతికాడు, దొరకలేదు” అన్నాడు గురువు. “తెప్ప మీద నలుగురు వెళ్ళారు. ఈదుకుని ఒడ్డు చేరింది పోలయ్య ఒక్కడే.”