పెంచలమ్మ పోసిన తలంటు

అనగనగా, తులసికి దణ్ణం పెట్టడమే గానీ ఆకు తిప్పి చూడడం ఎవరికీ తెలియని కాలంలో, ఏటి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో పెంచలమ్మ అని ఒక ముసలమ్మ. కుంకుళ్ళు కొట్టి, ఇంటింటా ఆడపిల్లలకు తలంటు పోసి పొట్ట పోసుకునేది. ముందూ వెనకా ఎవరూ లేరు. నోట్లో మాట మాత్రం గట్టిది.

ఒక ఏడు దీపావళికి ముందు ఊరి తులసులకు తెల్లటి పిండిపురుగు పట్టింది. ఒక్కొక్కటే ఎండిపోయి, చివరికి కరణంగారి ఇంట్లోది మిగిలింది. అది కరణంగారి భార్య కామాక్షమ్మకు అత్తగారు పోతూ పోతూ అప్పజెప్పిన మొక్క. క్షీరాబ్ది ద్వాదశికి తులసి పెళ్ళి చేయాలి. మూడు వారాలే ఉంది.

కామాక్షమ్మ పాలు పోసింది. పురుగు పోలేదు. పానకం పోసింది. పురుగు పోలేదు. మొక్క మొదట్లో బెల్లం నైవేద్యం పెట్టింది. పురుగు పోలేదు సరికదా, రెట్టింపైంది.

పిల్లకు తలంటు పోయడానికి వచ్చిన పెంచలమ్మ తులసికోట దగ్గర కూలబడి చూసింది. బెల్లానికి చీమలు చేరాయి. ఆ చీమలే మొక్కెక్కి, పురుగు కార్చే తీపి కోసం దానికి కాపలా కాస్తున్నాయి.

"అమ్మా, మీరు పూజ జేస్తా ఉండేది తులసమ్మకు కాదు, చీమలకి" అంది.

"మరేం చేయమంటావే? ఆకు తుంచితే పాపం కదా!"

"పెళ్ళికూతురికి తలంటు పొయ్యకుండా పీటల మీద కూర్చోబెడతారా ఎవురన్నా? మూడు శనివారాలు నాకొదిలెయ్యండి. చిగురు రాకుంటే మళ్ళా మీ గడప తొక్కను."

ఆ గడప తొక్కకపోతే ఆమెకు సగం కూడు పోయినట్టే. ఊరు ముక్కున వేలేసుకుంది. పెంచలమ్మ చెంగు బిగించింది.

పొద్దు వాలాక దణ్ణం పెట్టుకుని, పురుగు కమ్మిన కొసలు తుంచి దూరంగా పూడ్చింది. కుంకుడు రసంలో నాలుగు చుక్కల వేపనూనె వేసి నురగ వచ్చేదాకా గిలకొట్టింది. ఆకాకూ తిప్పి అడుగున రుద్దింది. కాసేపాగి మంచినీళ్ళు పోసింది. కోట చుట్టూ బూడిద గీత గీసింది. "పాలొద్దు, పానకమొద్దు. బెల్లం పిల్లల చేతిలో పెట్టండి" అని చెప్పి వెళ్ళింది.

మొదటి శనివారం తలంటుకు పురుగు సగమైంది. రెండో తలంటుకు చీమ గీత దాటలేదు. మూడో శనివారం కామాక్షమ్మ తెల్లారే వచ్చి చూస్తే, కణుపు కణుపునా చిగురు! ఆవిడ తులసిని చూసి ఏడ్చింది. పెంచలమ్మ వస్తే ఆమెను పట్టుకుని మళ్ళీ ఏడ్చింది.

ద్వాదశి నాడు పురోహితుడు, "పెళ్ళికూతురి తల్లి ఎవరమ్మా?" అన్నాడు. కామాక్షమ్మ తన పీట ఖాళీ చేసి పెంచలమ్మను కూర్చోబెట్టింది. ముసలమ్మ చెంగు సర్దుకుని తులసమ్మకు బొట్టు పెట్టింది.

పెంచలమ్మ పోయి ఎన్ని తరాలైందో లెక్క లేదు. ఆ ఏటి పక్క ఊళ్ళలో ద్వాదశికి ముందు మూడు శనివారాలు తులసికి తలంటు పోస్తారు. బెల్లం ఇప్పటికీ పిల్లలకే. మొదటి చెంబు పోసేటప్పుడు ఏ ఇంటి ఇల్లాలైనా అనేది ఒకటే మాట:

"పెంచలమ్మ కూతురా, తల వంచమ్మా!"