కళ్ళాపి మీద సున్నపు గీత

"గురువుగారూ, నగరంలో రోడ్డు పని నెగ్గడం అసలు దేనిమీద ఆధారపడి ఉంటుందండీ?" అని సుధీంద్ర అడిగాడు. డిజైనా, కంకరా, కాంట్రాక్టరా, వానలా అని తనే నాలుగు జవాబులు కూడా అందించాడు. మావాడికి ప్రశ్నతోపాటు జవాబులు కూడా మోసుకురావడం అలవాటు.

పేరిశాస్త్రిగారు నలభై ఏళ్ళు రోడ్లు వేయించి రిటైరైన ఇంజనీరు. మాబోటి కుర్ర ఇంజనీర్లం ఆయన దగ్గర నాలుగు మంచి ముక్కలు నేర్చుకుందామని వెళ్ళేవాళ్ళం. ఏది అడిగినా ఆయన తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఆ శుక్రవారం పొద్దున కూడా చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "పద, నీ రోడ్డు చూసొద్దాం" అన్నారు. నేనూ వెంటపడ్డాను.

సుధీంద్ర రోడ్డు విశాఖ పాతబస్తీలో ఒక ఇరుకు వీధి. ముందు మురుగుకాలువ కోసం వీధి అంచున తవ్వాలి. ఆ అంచునే భూమిలో పదకొండు వేల ఓల్టుల కేబుల్ ఉంది. వీధిలో ఆసుపత్రి ఉండడంతో కరెంటు ఆపే వీలు లేదు. అందుకని కరెంటు ఆఫీసువాళ్ళు ముందురోజు సాయంత్రమే వచ్చి, తీగ ఉన్నచోట సున్నంతో గీత గీసి వెళ్ళారు. ఆ గీతకు గజం ఇవతల తవ్వుకోవాలి. పొరపాటున తీగ తగిలిందా, మిషను మీదున్నవాడూ పక్కనున్నవాడూ మిగలరు.

మేం వెళ్ళేసరికి డ్రైవరు కొబ్బరికాయ కొట్టి జేసీబీ ఎక్కి కూర్చున్నాడు. బకెట్ ఎక్కడ దింపాలో చూపించడానికి మేస్త్రీ గవరయ్య కింద నిలబడి ఉన్నాడు. "ఇంకా చూస్తారేం? కానివ్వండి!" అని సుధీంద్ర వస్తూనే కేకేశాడు.

గురువుగారు చెయ్యెత్తి ఆగమన్నారు. వీధిలో ఇల్లాళ్ళు పొద్దున్నే ఊడ్చి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కళ్ళాపి చల్లారు. నేల ఇంకా ఆరలేదు. ఆ తడిమీద సున్నపు గీత ఒక్కటీ పొడిగా, తెల్లగా ఉంది. నా మట్టిబుర్రకు ఏమీ తట్టలేదు గానీ ఆయన మొహం పాలిపోయింది.

"గవరయ్యా, ఈ గీతను నమ్మొచ్చా?"

"నమ్మొచ్చండి," అన్నాడు గవరయ్య.

"అయితే తవ్వుతున్నంతసేపూ ఈ బకెట్ మీద చెయ్యేసి నిలబడు. నీ పక్కన నేనూ నిలబడతాను."

అంటూ ఆయన నడిచివెళ్ళి ఆ ఇనుము మీద అరచెయ్యి ఆనించారు. అమ్మ బాబోయ్! గవరయ్య రెండడుగులు వేశాడు, మూడోది పడలేదు. అక్కడే చతికిలబడిపోయాడు.

"వద్దు బాబూ, తవ్వొద్దండి! ఆ గీత నాను గీసిందండి. ఆళ్ళ గీత కళ్ళాపిలో కొట్టుకుపోనాదండి. గురుతున్న కాడికి నానే సున్నం పోసేనండి."

గురువుగారు ఇంజను ఆపించి, కరెంటు ఆఫీసు మనిషిని పిలిపించారు. అతను భూమిలో తీగ జాడ పట్టే మీటరుతో నేలంతా వెతికి, చివరికి బకెట్ పళ్ళ కిందే ఆగాడు. తీగ సరిగ్గా అక్కడే ఉంది. డ్రైవరు ఒక్క గెంతులో కిందికి దూకి దండం పెట్టుకున్నాడు.

సుధీంద్రకి ముచ్చెమటలు పోశాయి. ఆ భయమంతా కోపమైపోయింది. "చెప్పి ఏడవొచ్చు కదయ్యా! నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అని గవరయ్య మీద విరుచుకుపడ్డాడు.

"మొన్న మన కూలోడు సింహాచలం పని ఆపమంటే, తమరు ఆణ్ణి రేపట్నించి రావద్దన్నారు కదండీ," అన్నాడు గవరయ్య నేలచూపులు చూస్తూ.

మావాడు రుమాలుతో మొహం తుడుచుకుని గురువుగారి దగ్గరికి వచ్చాడు. "పోన్లెండి, తీగ దొరికింది. ఇంక భయం లేదు. మరి నేనడిగినదానికి..." అని నసిగాడు.

గురువుగారు గవరయ్య వైపే చూస్తున్నారు. ఎవరో అందించిన టీ గ్లాసు అతను రెండు చేతులా పట్టుకున్నా సగం తొణికి లుంగీ మీద పడింది.

"తీగ దొరికింది, సరే. గవరయ్య ఇంకా ఎవర్ని చూసి వణుకుతున్నాడో కనుక్కో నాయనా," అన్నారు.