ఇచ్చాడా, ఇస్తాడా?

గుంటూరు సీమలోని ఒక సెమినరీలో చిన్నప్ప అనే యువకుడు ఫాదరు కావడానికి చదువుకుంటూ ఉండేవాడు; పాఠం సగం వినగానే మొత్తం వచ్చేసిందనుకోవడం అతని బలహీనత. చురుకైనవాడే. ఒకసారి విన్న మాట మరిచిపోయేవాడు కాదు. తోటివాళ్లు నానా తంటాలు పడే లాటిన్ భాష అతనికి తేలిగ్గా కనిపించేది.

ఆ రోజుల్లో చర్చిలో పూజలన్నీ లాటిన్‌లోనే జరిగేవి. ఆ భాష నేర్పే అరుళప్ప ఫాదరు పెద్దవాడు, ఒక పట్టాన వదిలే మనిషి కాదు. రోజూ క్రియాపదాలు వల్లె వేయించేవాడు.

"దోనో, దోనాస్, దోనాత్. ఇస్తున్నాను, ఇస్తున్నావు, ఇస్తున్నాడు. ఈ ఒక్క వరస గట్టిగా వస్తే వందల మాటలు మీకు వచ్చినట్టే. వాటన్నిటికీ చివర్లు ఇలాగే మారతాయి. చివర చూడకుండా మాత్రం అర్థం చెప్పకండి" అనేవాడు.

చిన్నప్ప వెనక బల్ల మీద కూర్చుని పెదవులు మాత్రం కదిపేవాడు. ఒకరోజు లేచి, "మాట మొదలు తెలిస్తే చాలదా ఫాదర్? 'దోనా' అని ఉంటే ఇవ్వడం. ఎవరు, ఎప్పుడు అన్నది ముందూ వెనకా చూస్తే తెలిసిపోతుంది గదా" అన్నాడు.

"ముందూ వెనకా చూసినా తెలియని రోజు ఏం చేస్తావు?" అన్నాడు ఫాదరు.

చిన్నప్ప నవ్వి మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. రాళ్లు కొట్టుకుని బతికే ముప్పై కుటుంబాలు పలుగురాళ్లపేటలో ఉండేవి. వాళ్లందరికీ ఒకటే మంచినీళ్ల బావి. పక్కనే బత్తాయి తోట ఉన్న రంగప్ప ఆ బావి చుట్టూ ముళ్లకంప వేయించాడు. "మా తాత కోదండయ్య తవ్వించిన బావి ఇది. తోటకే నీళ్లు చాలడం లేదు" అన్నాడు. పేట ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి, వాగు ఇసకలో చెలమలు తవ్వి, చెంబుతో నీళ్లు తోడుకోవాల్సి వచ్చింది.

పేట పెద్ద థొమాసమ్మ తాసీల్దారుకు అర్జీ పెట్టింది. ఆమె దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే. యాభై ఏళ్ల కిందట పేటలో చర్చి కట్టించిన విదేశీ ఫాదరు రోజువారీ సంగతులు రాసుకున్న పుస్తకం. అందులో బావి మాట ఉందని పెద్దలు చెప్పేవారు. కానీ అది లాటిన్‌లో ఉంది. చదివి చెప్పే మనిషిని తెమ్మన్నాడు తాసీల్దారు.

విచారణ రోజుకి అరుళప్ప ఫాదరు జ్వరంతో మంచం పట్టాడు. చిన్నప్పను పిలిచి, "నువ్వు వెళ్లగలవా?" అని అడిగాడు.

"ఒక్క పేజీయే గదా ఫాదర్" అన్నాడు చిన్నప్ప. ఎనిమిది మైళ్లు హుషారుగా సైకిలు తొక్కుకుంటూ కచేరీకి వెళ్లాడు.

కచేరీ బయట పేట ఆడవాళ్లు ఖాళీ బిందెలతో కూర్చుని ఉన్నారు, వాళ్ల పక్కన పేట ముసలాయన ఒకడు. థొమాసమ్మ ఎదురొచ్చింది. "బ్రదరుగారూ, పసిపిల్లలు గొంతు తడుపుకునే నీళ్లయ్యా. నిదానంగా చదవండి" అంది.

లోపల తాసీల్దారు పుస్తకం తెరిచి అతని ముందు పెట్టాడు. ఒకపక్క రంగప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిన్నప్ప వేలు పెట్టి చదివాడు. మాటలన్నీ తెలిసినవే. 'పూతెయుమ్' అంటే బావి. 'పొపులో' అంటే జనానికి. చివర 'దోనావిత్' అని ఉంది.

"కోదండయ్య తన బావిని జనానికి ఇవ్వడం గురించి రాశారండీ" అన్నాడు.

"గురించి అంటే?" తాసీల్దారు కళ్లజోడు పైకి జరుపుకున్నాడు. "ఇచ్చాడనా, ఇస్తాడనా?"

చిన్నప్ప మళ్లీ పేజీ చూశాడు. ఆ వాక్యానికి ముందు వానల సంగతి ఉంది. తర్వాత చర్చి గంట సంగతి ఉంది. ఏదీ సాయం రాలేదు. 'దోనాబిత్' అని ఒకటుంది, 'దోనావిత్' అని ఒకటుంది. ఒకటి జరిగిపోయింది, ఒకటి జరగబోయేది. ఏది ఏదో గుర్తు లేదు. తెలియదంటే పరువు పోతుంది. అందరూ తన నోటి వంకే చూస్తున్నారు.

"ఇస్తాడు అని ఉందండీ" అన్నాడు.

రంగప్ప చప్పున ముందుకొచ్చాడు. "విన్నారుగా! ఇస్తానని ఏదో మాటవరసకు అని ఉంటాడు. ఇచ్చాడని ఎక్కడుంది?"

తాసీల్దారు పుస్తకం మూశాడు. "భోజనమయ్యాక ఉత్తర్వు రాస్తాను. రేపటి నుంచి నేను క్యాంపులో ఉంటాను. ఈ పని ఇవాళే తేలిపోవాలి" అన్నాడు.

చిన్నప్ప బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. థొమాసమ్మ దగ్గరికొచ్చింది. "తమరేం చేస్తారయ్యా, అందులో ఉన్నదే గదా చెప్పారు. మా రాత అట్టా ఉంది" అంది. తర్వాత బిందె ఎత్తుకుని తక్కిన ఆడవాళ్లతో, "లేవండే, వాగుకి పోదాం" అంది.

ఆ మాట అతని గుండెల్లో గుచ్చుకుంది. అందులో ఉన్నది చెప్పలేదు తను. తోచింది చెప్పాడు. కళ్లు మూసుకుని వరస గుర్తు చేసుకోబోయాడు. మధ్యలోనే తెగిపోయింది. అప్పుడు రోజూ సాయంకాలం ప్రార్థనలో పాడే లాటిన్ మాటలు మనసులో మెదిలాయి. వాటిలో కొన్ని 'విత్' అని ముగుస్తాయి. అవన్నీ దేవుడు చేసిన మేళ్లను తలుచుకునేవే. చేయబోయేవి ఒక్కటీ లేవు.

అతను గభాలున లేచాడు. వాకిట్లో బంట్రోతు అడ్డుపడ్డాడు. "దొరగారు ఉత్తర్వు రాస్తున్నారు, లోపలికి వెళ్లకూడదు." చిన్నప్ప అతని చేయి తప్పించుకుని లోపలికి వెళ్లాడు.

"అయ్యా, నేను తప్పు చెప్పాను. అది ఇచ్చాడు అనే మాట. ఇందాక నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి ఊహించి చెప్పాను."

తాసీల్దారు కలం ఆగింది. అక్కడే ఉన్న రంగప్ప మొహం ఎర్రబడింది. "బయట వాళ్లెవరో నూరిపోసి ఉంటారండీ. గంటకో మాట చెబితే ఎట్లా?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఏ మాట నమ్మమంటావోయ్?" అన్నాడు తాసీల్దారు.

"నన్ను నమ్మొద్దండీ. అరుళప్ప ఫాదరుగారి చేత రాయించుకొస్తాను."

తాసీల్దారు గోడగడియారం చూశాడు. ఒంటిగంటన్నర. ఆ లాటిన్ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా తనే ఒక కాగితం మీద ఎక్కించి, కింద సంతకం చేసి ఇచ్చాడు. "అయిదు గంటలకు కచేరీ మూస్తాను. ఆలోగా రాకపోతే ఈ ఉత్తర్వు ఇలాగే వెళుతుంది."

మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద కాకి కూడా లేదు. వడగాలి ఎదురు కొడుతుంటే చిన్నప్ప నిలబడి సైకిలు తొక్కాడు. నాలుగో మైలు దగ్గర చైను ఊడింది. చేతులు నల్లబడ్డాయి, వేలు చీరుకుపోయింది. సెమినరీ చేరేసరికి మూడు కావస్తోంది.

అరుళప్ప ఫాదరు దుప్పటి కప్పుకునే అంతా విన్నాడు. కోప్పడలేదు. బల్ల మీదున్న కాగితమూ కలమూ చూపించాడు. "నువ్వే రాయి. వరసంతా రాయి. సరిగ్గా ఉంటేనే సంతకం పెడతాను."

"ఫాదర్, టైము లేదు!"

"నేను చెప్పింది తీసుకెళ్తే అక్కడ మళ్లీ ప్రశ్న వేస్తారు. అప్పుడేం చెబుతావు? రాయి."

చిన్నప్ప రాశాడు. దోనాత్, ఇస్తున్నాడు. దోనాబిత్, ఇస్తాడు. దోనావిత్, ఇచ్చాడు. మధ్యలో 'దోనాబాత్' దగ్గర ఆగిపోయాడు.

"ఇస్తూ ఉండేవాడు" అన్నాడు ఫాదరు మెల్లగా. "అందులోనూ 'బ' ఉంది. అక్కడే అందరూ తడబడతారు. మళ్లీ మొదటి నుంచి రాయి."

గడియారం టిక్కుటిక్కుమంటోంది. రెండోసారి తప్పు లేకుండా రాశాడు. ఫాదరు లేచి కూర్చుని సంతకం చేసి, సెమినరీ ముద్ర వేశాడు.

తిరిగి కచేరీ మెట్లెక్కేసరికి అయిదుకి ఏడు నిమిషాలుంది. బంట్రోతు తలుపులు వేస్తున్నాడు. తాసీల్దారు కాగితం చదివి, పుస్తకంలోని మాటతో పోల్చి చూశాడు. "ఇదే పేజీలో అడుగున 'దెదికాబిత్' అని ఇంకో మాట ఉందే. దాని సంగతేమిటి?" అన్నాడు.

చిన్నప్ప తొందరపడలేదు. చివర చూశాడు. "అందులో 'బిత్' ఉందండీ, 'విత్' కాదు. అంటే ఇంకా జరగనిది. వచ్చే ఏడు బిషప్పుగారు చర్చిని ప్రతిష్ఠిస్తారు అని రాశారు."

తాసీల్దారు చర్చిగోడ మీది శిలాఫలకంలో ప్రతిష్ఠ ఏ సంవత్సరం జరిగినట్టు ఉందని అడిగాడు. అప్పటిదాకా వాకిట్లోనే కూర్చున్న పేట ముసలాయన చెప్పాడు. పుస్తకంలోని తేదీకి సరిగ్గా మరుసటి ఏడు; 'బిత్' అంటే జరగబోయేదేనని తేలింది. తాసీల్దారు మధ్యాహ్నం రాసిన ఉత్తర్వును అడ్డంగా చించేశాడు. బావి పేటవాళ్లదేననీ, కంప మర్నాటికల్లా తీసేయాలనీ కొత్తది రాశాడు. రంగప్ప బయటికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం చిన్నప్ప ఉత్తర్వు పట్టుకుని పేటకు వెళ్లాడు. వాగు నుంచి అప్పుడే వచ్చిన థొమాసమ్మతో జరిగిందంతా దాచకుండా చెప్పి, "నా వల్ల మీ బావి పోయేదమ్మా" అన్నాడు. ఆమె బిందె దించి అతని మొహంలోకి చూసింది. "పోయేదే. మనసొప్పక మళ్లీ లోపలికి వెళ్లారు గనక దక్కింది" అంది.

మర్నాడు అతను అరుళప్ప ఫాదరు దగ్గరికి వెళ్లి, తనను మొదటి ఏడాది పిల్లలతో కూర్చోబెట్టమని అడిగాడు. ఏడాదంతా వాళ్లతోపాటు గొంతెత్తి వల్లె వేశాడు.

సగం నేర్చిన చదువు వల్ల వచ్చే కష్టం మనల్ని నమ్మినవాళ్ల మీద పడుతుంది. అందుకే ఏది నేర్చుకున్నా పూర్తిగా నేర్చుకోవాలి, తెలియనప్పుడు తెలియదని చెప్పాలి.