కుదురు నేర్పిన పిల్లి

సర్వలక్ష్మమ్మ వెనక వరండాలో ఓ పంజరం, అందులో రెండు లవ్‌బర్డ్స్. వాటి పూర్వీకులది ఆఫ్రికా అని అమ్మినవాడు గొప్పగా చెప్పాడు గానీ, ఈ రెండూ పుట్టింది తణుకులో, ఇంకో పంజరంలో. ఆడదాని పేరు మిరప, మగవాడి పేరు బెండ.

మిరపకి బొత్తిగా కుదురు లేదు. కడ్డీ ఎక్కుతుంది, దిగుతుంది, తలకిందులుగా వేలాడుతుంది. పంజరం అడుగున పరిచిన పేపరుని ముక్కుతో పీలికలుగా కత్తిరించి, తోక మీది ఈకల్లో దోపుకుని తిరుగుతుంది. వాళ్ల జాతి ఆడవాళ్లు గూటికి సామాను మోసేది అలాగే. కట్టడానికి గూడే లేదు కదా, పీలికలన్నీ రాల్చేసి మళ్లీ మొదలెడుతుంది. ఇది చాలదన్నట్టు రోజూ మధ్యాహ్నం చెవులు చిల్లులు పడేలా అరుపులు.

సర్వలక్ష్మమ్మకి విసుగొచ్చింది. చెల్లెలికి ఫోన్ చేసి, "శుక్రవారం వచ్చి ఈ ఆడదాన్ని పట్టుకుపోవే. మగది నోరులేనిది, దాని మానాన అది ఉంటుంది" అంది.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ బెండ గింజ ముట్టలేదు. "నువ్వెళ్లిపోతే నేను బతకనే" అన్నాడు.

"నేను మాత్రం బతుకుతానా? ఏం చెయ్యమంటావు, కాళ్లు ఆగవు" అంది మిరప, దూకుతూనే.

ఆ మధ్యాహ్నం సర్వలక్ష్మమ్మ నడుం వాల్చగానే, రోజూ వచ్చినట్టే పిల్లి శాంతయ్య గోడ దిగాడు. మిరప అరిచేదంతా వీడి గురించే. ఆవిడ లేచి వచ్చేసరికి వీడుండడు. ఒక్క ఎలుక కోసం పూటంతా కన్నం ముందు కూర్చోగల ఓపిక వాడిది.

"అరవకమ్మా, నీ మంచి కోసమే వచ్చాను. శుక్రవారం సంగతి విన్నాలే. ఆవిడకి కావాల్సిందేంటి? నిమ్మళంగా ఉండే పిట్ట. రేపీ వేళకి కడ్డీలకి వీపు ఆనించి, కళ్లు మూసుకుని, కదలకుండా కూర్చో. చూసి మురిసిపోతుంది. ఇంకెందుకు పంపిస్తుంది? నన్ను చూడు, ఎంత కుదురుగా ఉన్నానో!"

"నిజమే బాబాయ్" అంది మిరప. పాపం, పిల్లి మాట నమ్మేంత భయంలో ఉంది.

వాడు వెళ్లాక బెండ మెల్లగా అన్నాడు. "ఒళ్లంతా కుదురే. తోక చివర చూశావా? నీ వెనక పీలికలు ఊగినప్పుడల్లా అదీ ఊగింది."

మిరప ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అలా ఆగడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే సర్వలక్ష్మమ్మ మేడ మీద పేపరు పరిచి ఆరబోసిన ఆవకాయ కారం ఎత్తుకుంది. ఆ పేపరే నాలుగు దులుపులు దులిపి పంజరంలో పరిచింది. అదే చేత్తో కళ్లు నలుపుకుని, "అమ్మో, నా కళ్లు!" అంటూ కుళాయి దగ్గరికి పరిగెత్తింది.

మిరప పేపరు అంచు నమిలి చూసింది. ఏమీ అనిపించలేదు. పచ్చిమిరపకాయని గింజలతో సహా తినేసే జాతికి కారం ఏం తెలుస్తుంది?

"మనకేం కాలేదు. ఆవిడ మాత్రం గంతులేసింది" అంది.

"మరి బాబాయ్‌కో?" అన్నాడు బెండ.

పొద్దుటంతా మిరప కత్తిరిస్తూనే ఉంది. ఎప్పటికన్నా పొడుగ్గా, ఎప్పటికన్నా ఎక్కువ. మధ్యాహ్నానికి వీపు కడ్డీలకి ఆనించి కూర్చుంది. పీలికలు బయటికి వేలాడుతున్నాయి. కాళ్లలో చీమలు పాకుతున్నట్టుంది. ఎగరాలి, అరవాలి, ఏదో ఒకటి కొరకాలి. వెనక ఏం జరుగుతోందో కనబడదు. చచ్చేంత భయమేసింది.

"శెభాష్ తల్లీ" అని వినిపించింది చాలా దగ్గర నుంచి. "అలాగే ఉండు. కదలకు..."

ఒక్క దూకు. శాంతయ్య నోటి నిండా కారం కాగితాలు! తుమ్మాడు, కక్కాడు, కళ్లు రుద్దుకుని ఇంకా చెడగొట్టుకున్నాడు. ఆ తిప్పల్లో మూతి కడ్డీల మధ్యకి వచ్చింది. నోరులేని బెండ ఆ ముక్కు పట్టుకుని వదల్లేదు.

ఆ గోలకి సర్వలక్ష్మమ్మ పరుగున వచ్చింది. మీసాలకి పేపరు పీలికలతో గోడెక్కుతున్న పిల్లినీ, వణుకుతున్న పిట్టల్నీ చూసింది. "రోజూ అరిచింది వీడి గురించా తల్లీ! నేనెంత మొద్దుని" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈసారి కారం వల్ల కాదు. అప్పటికప్పుడే చెల్లెల్ని రావద్దంది.

ఇప్పుడు పంజరం ముందుగదిలో ఉంది. చీల్చుకోడానికి పచ్చి కొబ్బరాకు, దోపిన పీలికలు పెట్టుకోడానికి చెక్కపెట్టె, రోజూ ఓ గంట ఫ్యాను ఆపి, తలుపులేసి, గదంతా వాళ్లదే. మిరపకి కుదురు ఇప్పటికీ లేదు. శాంతయ్య మాత్రం వీధి చివర కోడిపిల్లలకి శాంతం బోధిస్తున్నాడని విన్నాం.

నీతి: కదలకుండా కూర్చోమని చెప్పేవాడి తోక కదులుతోందేమో ముందు చూసుకోవాలి.