జింకల గోడకు దండం

గంగులప్పకు అన్యాయం జరిగింది పోయిన రంజాను నెలలో. కారు తోలే పని అని చెప్పి రాయచోటి నుంచి తీసుకెళ్ళిన ఏజెంటు, అరబ్బు దేశంలో నల్లరాళ్ళ ఎడారి నడుమ గొర్రెల మంద దగ్గర దించి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. ఒక్క గొర్రె తగ్గినా ఊరికి సెలవు లేదన్నాడు యజమాని. అప్పటికి గంగులప్ప కూతురు పుట్టి నలభై రోజులు. బిడ్డ మొహం ఫోన్‌లో చూడటమే.

అతనికి మంద కాయడం నేర్పింది మస్తాన్ వలీ. అదే తాలూకా మనిషి, ఇరవై రెండేళ్ళుగా ఆ రాళ్ళలోనే ఉన్నాడు. కాపరులంతా ఆయన్ని గురువులా చూసుకునేవాళ్ళు. ఆయన మాత్రం గొర్రెల్ని చూసుకునేవాడు. అక్కడ ఎప్పుడో అగ్నికొండ కక్కిన రాళ్ళతో, చరిత్ర పుట్టకముందు వేటగాళ్ళు పేర్చిన మోకాటెత్తు గోడలు రెండు, మైళ్ళకొద్దీ సాగుతాయి. మొదట దూరదూరంగా ఉండి, పోనుపోను దగ్గరై, ఒక దొడ్డిలో కలుస్తాయి. దొడ్డి చివర మనిషి లోతు గుంత. జింకలు గోడ వెంటే నడిచొచ్చి అందులో పడేవి. ఆ గోడ దాటినప్పుడల్లా వలీ ఒక రాయిని ముట్టి కళ్ళకద్దుకునేవాడు.

"చంపనీకి కట్టిన గోడకు మొక్కేదేంది తాతా?" అని ఒకనాడు గంగులప్ప నిలదీశాడు. "అట్లయితే నన్ను ముంచిన ఏజెంటుకు గూడా మొక్కాల్నా?"

"వానికెందుకురా? వాడు ఒక్క రాయన్నా పేర్చినాడా?" అన్నాడు వలీ.

ఆ తర్వాత నాలుగోనాడు మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. చాపిన చెయ్యి కనబడలేదు. మంద చెదిరిందంటే సెలవు పోయినట్టే. గంగులప్ప గొంతు చించుకుని అరుస్తూ పరుగెత్తి, మోకాలికి ఏదో తగిలి బోర్లా పడ్డాడు. గోడ. తడుముకుంటే పక్కనే ఉన్ని, వెచ్చటి ఒళ్ళు, దాని వెనక ఇంకో ఒళ్ళు. ఒక్క గెంతుకు దాటగల గోడను ఒక్క గొర్రె కూడా దాటలేదు. దాన్ని ఒరుసుకుంటూ వరసగా పోతున్నాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది. "ఎవురు కట్టినారో గానీ సల్లగుండండి నాయనా" అని పైకే అన్నాడు. అన్నాక గుంత గుర్తొచ్చింది.

గోడ అవతలికి దూకి, రాళ్ళ మీద చెయ్యి ఆనించుకుంటూ మందకన్నా ముందుకు ఉరికాడు. మంద ముందు నడిచే పొట్టేలు గుంత అంచుకు వచ్చేసరికి మళ్ళీ లోపలికి దూకి, దాని కొమ్ములు పట్టుకుని అడ్డం నిలిచాడు. అది పొడిచింది. వెనక మంద నెట్టింది. "యాడికిరా పోయేది, నీ జిమ్మడిపోను!" అని తిడుతూనే ఉన్నాడు, కాలు మాత్రం కదపలేదు.

గాలి అణిగి వలీ వచ్చేసరికి పొద్దు వాలింది. దొడ్డిలో మందను వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. నూట నలభై మూడు. ఒకటీ తగ్గలేదు. గంగులప్ప కమిలిన పక్కటెముకలు పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతున్నాడు.

"అయినా తాతా, వాళ్ళు కట్టింది చంపనీకే గదా?"

"చంపనీకే," అన్నాడు వలీ. "గుంత ముందర నువ్వొచ్చి నిలబడతావని వాళ్ళకేం తెలుసు?"