సాగే గుడ్డ ఏనుగు

అనగనగా, రాజుల పేర్లు రాళ్ళ మీదా, పనిచేసేవాళ్ళ పేర్లు నీళ్ళ మీదా రాసే కాలంలో, పూలదిన్నె అనే ఊరు ఉండేది. ఆ ఊళ్ళో శరభయ్య, అంకమ్మ అనే మొగుడూ పెళ్ళాలు గుడ్డబొమ్మలు చేసి బతికేవారు. శరభయ్య గుడ్డ కత్తిరించేవాడు, దూది కూరేవాడు. అంకమ్మ కుట్టేది. వంటా, నీళ్ళూ, ఆవు పనీ కూడా అంకమ్మవే. బొమ్మలకు మాత్రం శరభయ్య బొమ్మలని పేరు.

మోటు నేతగుడ్డతో చేసినన్నాళ్ళూ ఆ ఇంటికి ఒకటే సూత్రం. బిగలాగి కుట్టాలి, గట్టిగా కూరాలి. మోటుగుడ్డ ఎంత లాగినా కదలదు కనుక ఆ సూత్రం ఏనాడూ తప్పలేదు.

ఒక ఏడు ఓడల మీద కొత్తరకం అల్లికగుడ్డ వచ్చింది. పిల్లి వీపులా మెత్తగా ఉండేది. లాగితే సాగేది, వదిలితే ముడుచుకునేది.

అప్పుడే రాణిగారి పాపకు పాలు మాన్పించే రోజు దగ్గరపడింది. ఆనాడు పిల్ల చేతికి బొమ్మ ఇవ్వడం ఆ రాజ్యపు ఆచారం. తల్లి ఒడి దిగిన పిల్లకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా! ఆ కొత్తగుడ్డతో ఏనుగును చెయ్యమని రాణి కబురంపింది.

ఇక్కడ అంకమ్మకు నెలలు నిండుతున్నాయి. తొలిచూలు. పురిటికి తీసుకుపోవడానికి తల్లి పుల్లమ్మ తానే బండి తోలుకుంటూ వచ్చింది. వాళ్ళ ఊరికి నడుమ ఒక ఏరు. వానలకు అది పొంగిందంటే బండి దాటదు.

"బయల్దేరవే అమ్మాయీ, మబ్బు పట్టింది," అంది పుల్లమ్మ.

"ఒక్క ఏనుగే అత్తా! అంకమ్మకేం, సర్దుకుంటుంది," అన్నాడు శరభయ్య.

"ఇదొక్కటీ అవనీ అమ్మా," అంది అంకమ్మ.

పుల్లమ్మ బండి వెనక్కి తిప్పింది.

శరభయ్య గుడ్డ కలిసొస్తుందని ఒక చెవిని నిలువునా, ఒక చెవిని అడ్డంగా కత్తిరించాడు. దూది కూరగానే ఒక చెవి చేటలా పరుచుకుంది. రెండోది తొండంతో పోటీపడి కిందికి సాగింది.

"ఇంకోటి చేద్దాం," అన్నాడు.

పుల్లమ్మ మళ్ళీ వచ్చింది. "ఏరు మోకాలి లోతుకు వచ్చింది."

"ఇంకొక్కటే అత్తా!"

"నేను నీకిచ్చింది పిల్లని నాయనా, చాంతాడు కాదు, నుయ్యి ఎంత లోతుంటే అంత వదులుకుంటూ పోవడానికి!"

"ఇదొక్కటీ అవనీ అమ్మా," అంది అంకమ్మ. ఈసారి గొంతు కాస్త సన్నగిల్లింది.

రెండో ఏనుగును అంకమ్మ అలవాటు ప్రకారం బిగలాగి కుట్టింది. చేతిలో ఉన్నంతసేపూ కుట్టు తిన్నగానే కనిపించింది. వదలగానే వీపంతా అలలు లేచాయి, తొండం మెలితిరిగింది.

"ఇది ఏనుగా, ఎండిన కాకరకాయా?" అని నవ్వాడు శరభయ్య. నవ్వడం అయ్యాక మళ్ళీ సూది ఆమె చేతికే ఇచ్చాడు.

మూడో ఏనుగుకు దూది కూరేటప్పుడు శరభయ్య ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. "చూడవే, ఎంత పెడితే అంత పడుతోంది!" అంటూ గుప్పెళ్ళకొద్దీ దట్టించాడు. ఏనుగు నగారాలా ఉబ్బింది.

ఇద్దరూ దాన్ని కోటకు తీసుకుపోయారు. పుల్లమ్మ కోట వాకిట్లో బండి నిలిపింది. "ఏరు నడుం దాకా వచ్చింది. ఈసారి ఉత్తబండి తిప్పను," అని నొగల మీద కూర్చుంది.

పాప చేతులు చాచి ఏనుగును కావలించుకుంది. టప్పుమని పొట్ట కుట్టు తెగింది. సభంతా దూది ఎగిరింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

శరభయ్య చేతులు జోడించాడు. "సాయంత్రానికి ఇంకోటి తెస్తాం తల్లీ. మా అంకమ్మ సర్దుకుంటుంది."

అప్పుడు నేలమీద పడున్న ఏనుగు నోరు విప్పింది.

"గుడ్డ సాగింది శరభయ్యా. దారం సాగలేదు. నన్ను కలిపి పట్టుకున్నది దారం. నువ్వు దానికేసి ఒక్కసారీ చూడలేదు."

అంకమ్మ వంగి అడిగింది. "మరి తెగేదాకా ఎందుకు ఊరుకున్నావే?"

"నువ్వెందుకు ఊరుకున్నావో, అందుకే," అంది ఏనుగు. "లాగినప్పుడల్లా వచ్చాను. భలే వస్తోందే అన్నారు. ఆ మెప్పుకు ఇంకాస్త వచ్చాను."

అంకమ్మ సూదీ దారం తీసి మొగుడి అరచేతిలో పెట్టింది.

"ఇక చాలు. నేను మా అమ్మతో పోతున్నాను."

"మరి ఏనుగు?"

"నీకూ చేతులున్నాయి కదా."

శరభయ్య దిక్కుతోచక రాణి వైపు చూశాడు, ఆజ్ఞాపించమన్నట్టు. రాణి పాపను ఒళ్ళోకి తీసుకుంది. "నా బిడ్డ ఇంకొన్నాళ్ళు నా పాలే తాగుతుంది. అది ఆగగలదు. పురుడూ ఆగదు, ఏరూ ఆగదు. నువ్వు వెళ్ళు అంకమ్మా."

నీళ్ళు ఇరుసును తాకుతుండగా బండి ఏరు దాటింది.

కోటలో శరభయ్య కుట్టుకు కూర్చున్నాడు. ఏనుగు చెబుతూ పోయింది. "ముక్కలన్నీ సాగే వైపు చూసి ఒకే వాటంలో కత్తిరించు. లాగకు, ఊరికే పట్టుకో. దారాన్ని కాస్త వదులుగా పోనీ. పొట్ట నిండగానే ఆపు." ఆపడమే అతనికి అన్నిటికన్నా కష్టమైంది. వేళ్ళన్నీ సూదిపోట్లయ్యాయి. నాలుగో ఏనుగు ఒక కాలు పొట్టిదైనా కుట్టు విడలేదు. పాప దాన్ని పట్టుకుని నిద్రపోయింది.

ఏరు తీశాక శరభయ్య అత్తవారింటికి వెళ్ళాడు. అంకమ్మ ఒళ్ళో ఆడపిల్ల.

"ఇంటికి ఎప్పుడొస్తావు?" అని అడిగాడు.

"నా ఒళ్ళు కుదుటపడ్డాక. ఎప్పుడో నేనే చెబుతాను."

"సర్దుకో" అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. అరుగు మీద కూర్చుని పిల్ల గుడ్డలు మడత పెట్టసాగాడు.

కనుక పిల్లలూ, సాగే గుణం ఉన్నది కదా అని ఎవరినీ లాగకూడదు. సాగేవాళ్ళు కూడా దారం తెగకముందే "ఇక చాలు" అనడం నేర్చుకోవాలి.