తిరిగిరాని గిన్నె

అనగా అనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, ఆ రాజ్యానికి ఒక ఆచారం. పొరుగింటి నుంచి గిన్నె వస్తే ఖాళీగా తిప్పి పంపకూడదు. పప్పొస్తే పులుసు పోవాలి. మంచి ఆచారమే! కాకపోతే, తిరిగి నింపలేని ఇంటికి అసలు గిన్నె వెళ్ళేదే కాదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. మన చిన్న రాకుమారుడు మణికేతుడికి మరీ తట్టలేదు.

ఏడు సముద్రాల అవతల మాంత్రికుడి చెరలో మాయనిద్ర పోతున్న రాకుమారి నీలవేణిని విడిపిస్తామని పెద్దన్న, నడిపన్న బడాయిగా వెళ్ళి, చక్కగా రాళ్ళైపోయారు. వాళ్ళకోసం మణికేతుడు నీళ్ళచెంబు పట్టుకుని బయలుదేరాడు.

దారిలో ఒక చీమ వాగులో కొట్టుకుపోతూ, "బాబూ, కాపాడు!" అంది.

"కాపాడతా. మరి బదులు?"

"ఎంత తాళమైనా తీస్తా."

సరేనని తీసి తలపాగాలో పెట్టుకున్నాడు. సముద్రపు ఒడ్డున పెద్ద చేప గిలగిల్లాడుతోంది.

"మరి బదులు?"

"ఏడు సముద్రాలూ దాటిస్తా."

సరేనని నీళ్ళలోకి తోశాడు. అక్కడే చెట్టుకింద కళ్ళు కనపడని ముసలి చిలక. "నాయనా, గుక్కెడు నీళ్ళు."

"మరి బదులు, అవ్వా?"

"నా దగ్గరేముంది నాయనా?"

"అయితే మన గిన్నెలు కలవవులే!" అని నవ్వుకుంటూ చేప వీపెక్కాడు. చెంబు నిండుగానే ఉంది సుమా.

సముద్రాలు దాటగానే చేప "ఇక సరి!" అని మునిగిపోయింది. మాంత్రికుడి కోటలో పంజరం తాళం తీసి చీమ "నాదీ సరి!" అని పాకిపోయింది. మిగిలింది పంజరంలో చిలక. దాని గొంతులోనే గింజలా మాంత్రికుడి ప్రాణం. అది ఇష్టపడి కక్కితేనే వాడు చస్తాడు. కక్కితే చిలకా బతకదు.

మణికేతుడు చెంబు కేసి చూసుకున్నాడు. ప్రాణానికి బదులు ఏమివ్వాలి?

చిలకే అడిగింది: "ఒడ్డున మా అమ్మ కనిపించిందా?"

"కనిపించింది."

"నీళ్ళడిగి ఉండాలే?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా అన్నలిద్దరూ రాళ్ళై చూస్తున్నారు.

"అడిగింది. పొయ్యలేదు. బదులివ్వలేనంది."

చిలక రాళ్ళ కేసి తల తిప్పింది.

"నీ పద్ధతే పట్టుకుంటే నేనూ నోరు మూసుకోవాలి. కానీ ఈ రాళ్ళు నాకేమివ్వగలవు? అయినా వీళ్ళు మళ్ళీ మనుషులు కావాలనుంది నాకు. వెళ్ళి అమ్మకి నీళ్ళు పొయ్యి. నాకు బదులుగా కాదు. దాహమని."

గింజ కక్కేసింది. మాంత్రికుడు కుప్పకూలాడు. నీలవేణి కళ్ళు తెరిచింది. పెద్దన్న ఆవలించి, "ఏరా చిన్నోడా, ఇంత ఆలస్యమా?" అన్నాడు. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మణికేతుడు ఆవేళ పంజరం కేసి నడిచాడు. చిలకని ఉత్తరీయంలో చుట్టుకుని మాంత్రికుడి ఓడెక్కాడు.

ఒడ్డు తగలగానే చెంబుతో పరిగెత్తాడు. చెట్టుకింద ముసలి చిలక కదల్లేదు. పిల్లని పక్కన పడుకోబెట్టి, నీళ్ళు ఆ మట్టిలోనే పోశాడు.

తరవాత నీలవేణితో పెళ్ళయింది, పట్టమూ అయింది, రాజ్యం చల్లగా సాగింది. నింపలేని ఇళ్ళకే ముందు గిన్నెలు వెళ్ళేవి, "ఉంచుకోండి" అనే కబురుతో. ఆ చెట్టుకింద ఒక నీళ్ళగిన్నెని మాత్రం రాజే స్వయంగా నింపేవాడు. పిట్టలు తాగి, మాటైనా చెప్పకుండా ఎగిరిపోయేవి.

"బదులేమొస్తుంది ప్రభూ?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, ఆయన నవ్వబోయి, గిన్నె కేసి చూసి, ఆగిపోయేవాడు.